పదిహేనో ఎక్కం

బడిల నాకు ఎక్కాలు పన్నెండు దాకనే వచ్చినయి. పదిహేనోది దుబాయిల వచ్చింది. నేను పోయిన 2012ల ఒక దిర్హంకు మన పైసలు పదిహేను రూపాయలకు అటు ఇటుగ ఉండె. జీతం 800 దిర్హాములు. ఎనిమిది పదిహేన్ల నూట ఇరవై, పక్కన రెండు సున్నాలు, పన్నెండు వేలు. ఈ లెక్క తప్పు గాదు. నా బుద్ధితక్కువతనం ఎక్కడంటే, ఆ ఎక్కాన్ని నేను వచ్చే పైసలకే చదివిన, పోయే పైసలకు చదవలే. జీతమేమో రూపాయలల్ల, ఖర్చేమో దిర్హాములల్ల. చాయ్ ఎంత? ఒక్కటే. బస్సుకెంత? రెండే. ఫోన్ కార్డు? పదిహేనే. "ఒక్కటే", "రెండే" అనుకుంట తిరిగినోణ్ని నెలాఖరుకు జేబు తడుముకునేది.

చదువు రానోడు ఈ పని చేస్తే అదొక తీరు. నేను కిరాణ దుకాణపాయన కొడుకును. మా ఊరు జైనూర్‌ల గోండి, మరాఠీ, లంబాడీ, ఉర్దూ, తెలుగు, ఐదు భాషల్ల ఉద్దెర అడుగుతరు. మా బాపు ఐదు భాషల్ల లేదని చెప్పి, ఆఖరుకు ఇచ్చి, పుస్తకంల రాసుకుంటడు. పావుకిల చక్కెర మీద ఎంత మిగులుతదో నిద్రల లేపి అడిగినా చెప్తడు. ఆయన పక్కన పొట్లాలు కట్టుకుంట పెరిగిన నాకు, కొన్న ధర చూడకుండ అమ్మిన ధర ఒక్కటే చూసి లాభం అనుకోవద్దని తెల్వదా? తెలుసు. చక్కెర కాడ తెలుసు. నా కాడికి వచ్చేసరికి తెల్వలే.

నిజానికి గల్ఫ్ మాట మా దిక్కు అంతగ వినరాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, ఆర్మూర్ దిక్కు పోతే ఏ వాడకట్టుల చూసినా దుబాయి మనిషో మస్కట్ మనిషో ఉంటడు. మాది ఏజెన్సీ మండలం. పత్తి, సోయా, కంది, జొన్న. పని పడితే ఉట్నూర్, పెద్ద పనైతే ఆసిఫాబాదో ఆదిలాబాదో. నాకు ఈ పిచ్చి పట్టించింది జగిత్యాల దిక్కు ఉన్న మా మేనబావ. పెండ్లికి వచ్చిండు. మెడల గొలుసు, చేతిల పెద్ద ఫోను, మనిషి రాకముందే వచ్చే సెంటు. ఆ గొలుసు పెండ్లి కోసమని వాళ్ల చిన్నమ్మ దగ్గర అడుక్కొచ్చుకున్నదని నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. అప్పటికి నేను దుబాయిల సోనాపూర్ లేబర్ క్యాంపుల ఉన్న.

ఏజెంటు 80 వేలు అన్నడు. మేం గిరిజనులం గాదు. 1/70 చట్టం ఉన్న కాడ మాకు భూమి కొనే దారి లేదు, కుదువ పెట్టుటానికి దుకాణంల సామాను తప్ప ఏం లేదు. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చినం. నెలకు 2,400. అప్పటి రూల్సు ప్రకారం లైసెన్సున్న ఏజెంటు సుత 20 వేలకు మించి తీసుకోవద్దు. 2017ల దాన్ని 30 వేలు చేసిన్రు. నాకు ఆ సంగతి తెల్వదు, ఎవలనన్న అడగాలని సుత తోచలే. రసీదు అడిగితే "నమ్మకం లేదా తమ్మీ" అన్నడు. నాకు సిగ్గైంది. పైసలు ఇచ్చేటోణ్ని నేను, సిగ్గుపడ్డది సుత నేనే.

ఇంకో గొప్ప సుత ఉండె. నేను పది పాసైన. పది పాసైనోళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని పడదు, పోవుటానికి ఎమిగ్రేషన్ ఆఫీసు అనుమతి అక్కర్లేదు. "మనకు చెకింగులు ఉండయ్" అని దోస్తుల ముందర కాలరు ఎగరేసిన. చెకింగు లేదంటే నా కాంట్రాక్టు కాయితం ఏ సర్కారు ఆఫీసరూ చూడడన్నట్టు. అనుమతి తీసుకొని పోయేటోళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. 10 లక్షల బీమా, రెండేండ్లకు 275 రూపాయలు. నాకు తప్పనిసరి గాదు కాబట్టి నేను తీసుకోలే. 80 వేలు అప్పు తెచ్చి ఏజెంటు చేతిల పెట్టినోణ్ని 275 రూపాయలు పొదుపు చేసిన.

క్యాంపు గదిల ఎనిమిది మందిమి, రెండంతస్తుల ఇనుప మంచాలు నాలుగు. మెస్ మాత్రం ఆరుగురిది. మిగిలిన ఇద్దరు బిహారోళ్లు, వాళ్ల రొట్టెలు వాళ్లవి. వంటగదిల గోడ పొడుగూత గ్యాస్ పొయ్యిలు. ఐదుకు సైటు బస్సు, అందుకని పొద్దుగాల మూడున్నరకే పొయ్యి కాడ లైను. మా మెస్ లెక్క రాసేటాయన జగిత్యాల దిక్కు పెద్దమనిషి, అందరం కాక అంటుంటిమి. మంచం కడ్డీకి సుతిలితోటి కట్టిన ఒక నోటుబుక్కు, ఆ సుతిలికే కట్టిన ఒక పెన్ను. బియ్యం బస్తా, కందిపప్పు, ఉల్లిగడ్డ, నూనె, గ్యాసు, శుక్రవారం కోడి. పచ్చిమిరపకాయలకు పెట్టిన అర్ధ దిర్హం సుత రాసేటోడు. ఎవలన్న సుట్టం వచ్చి ఒక పూట తింటే అది ఆ పిలిచినోని పేరు మీద వేరే రాసేటోడు. మా బాపే అక్కడికి వచ్చి కూసున్నట్టు ఉండేది నాకు.

మొదటి నెల నా పేరు ముందర 220 పడ్డది.

"రెండు వందల ఇరవయ్యేనా కాకా" అన్న.

కాక పెన్ను పక్కకు పెట్టి నన్ను చూసిండు. "జీతం ఎంతరా అంటే మొన్న పన్నెండు వేలు అంటివి. మరి ఇది మూడువేల మూడు వందలు గాదా?" అన్నడు.

ఆ రాత్రి అదే నోటుబుక్కు ఎనక అట్ట మీద లెక్క గట్టిన. మెస్ 220. ఫోను 60. సబ్బు, తలనూనె, బట్టల పొడి, కటింగు, చాయ్ అన్నీ కలిపి 70. మొత్తం 350. మిగిలేది 450. పంపుటానికి ఎక్స్చేంజ్ల 15 తీసుకుంటరు. 435 పదిహేన్ల 6,525. అందుల మిత్తికి 2,400 పోతే 4,125. పన్నెండు వేలోణ్ని నాలుగు వేలకు వచ్చిన. అసలు 80 వేలు కదలకుండ అట్లనే ఉన్నది. ఇంట్ల ఒక్క రూపాయి ముట్టకుండ అంత దానికే కట్టినా ఏడాదిన్నర మీద పడుతది.

ఈ లెక్క ఇంటికి చెప్పిననా? చెప్పలే. పన్నెండు వేలు అని మా అవ్వ ఇప్పటికే వాడకట్టంత చెప్పుకున్నది. ఆమెను తక్కువ చెయ్యబుద్ధి కాలే అని అప్పుడు అనుకున్న. అసలు నేను తక్కువైత అని భయం.

అట్ట మీది లెక్కతోటి బుద్ధి వచ్చింది గని అది సుత వంకర బుద్ధే. అప్పటిసంది ప్రతి దానికి పదిహేనో ఎక్కం చదువుడు మొదలువెట్టిన. నీళ్ల సీసా దిర్హం అంటే పదిహేను రూపాయలా, వద్దు. ఆపిల్ పండు? మా ఊళ్లె ఆ ధరకు కిల ఉల్లిగడ్డ వస్తది, వద్దు. పన్ను నొప్పి లేసింది. క్లినిక్కుల వంద దిర్హాములు అన్నరు. పదిహేను వందలు! జైనూర్‌ల ఆర్ఎంపీ దగ్గర వంద నోటుతోటి పోయే పని. లవంగం పెట్టుకొని తిరిగిన. చెంప బూరె లెక్క ఉబ్బింది. డ్యూటీ పోయింది, పోయిన రోజుల జీతం కోసిన్రు, ఆఖరుకు అదే క్లినిక్కుల పన్ను పీకించుకుంటే మందులతోటి కలిపి మూడింతలైంది. ఆ సందు ఇప్పటికి అట్లనే ఉన్నది, నవ్వినప్పుడు చూడొచ్చు.

అప్పుడు కాక చెప్పిన మాట ఇది. "నువ్వు తినేది ఇక్కడ, కష్టం చేసేది ఇక్కడ. రూపాయలల్ల ఎందుకు లెక్కపెడుతున్నవ్? గంటలల్ల లెక్కపెట్టు." నెలకు 26 పని దినాలు, రోజుకు ఎనిమిది గంటలు. 800ని పంచితే గంటకు నాలుగు దిర్హాములు సుత పడయి. దిర్హం చాయ్ అంటే పదిహేను నిమిషాల పైన ఇసుకల నిలబడుడు. ఎండాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పగలు పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు బయట పని చేయించొద్దని అక్కడి సర్కారు రూలు ఉన్నది. ఆ రూలు ఉండంగనే మిగిలిన గంటల్ల అంగీ పిండితే నీళ్లు కారుతుండె. అసొంటి పదిహేను నిమిషాలకు ఒక చాయ్ తాగొచ్చా అంటే, తాగొచ్చు. నీళ్ల సీసా సుత కొనొచ్చు. పన్ను నొప్పికి పోవుడు తప్పనిసరి. సెంటు సీసాకు రెండు దినాల ఎండ పడుతది, అది కొనొద్దు. ఈ లెక్కల రేటు పెరిగినా తగ్గినా ఫరక్ పడదు. ఇంత సులువైన ముచ్చట పది చదివిన నాకు తట్టలే, బడి ఎక్కువ చదవని కాకకు తట్టింది.

అయితే ఆ మాట సుత నాకు ఎక్కువ దినాలు నిలువలే. 2013 వచ్చింది.

మే మొదట్ల డాలరుకు 54 దగ్గర ఉన్న రూపాయి, ఆగస్టు 28 నాటికి 68 దాటింది. దిర్హంను 1997 నుంచి డాలరుకు 3.6725 అని కట్టేసి పెట్టిన్రు, కాబట్టి డాలరు ముందర పడ్డ రూపాయి దిర్హం ముందర సుత పడ్డట్టే. పదిహేను లోపల ఉన్న దిర్హం పద్దెనిమిదిన్నర అయింది. శుక్రవారం వచ్చిందంటే ఎక్స్చేంజ్ దుకాణాల ముందర జాతర. ఊళ్లె ఉల్లిగడ్డ కిల అరవై డెబ్బై పలుకుతున్నదని మా అవ్వ ఫోన్ల ఏడుస్తుంటే, మేం క్యాంపుల లడ్డూలు పంచుకున్నం. ఇంకా పడాలె, ఇరవై కావాలె అని మొక్కినోళ్లు ఉన్నరు. మొక్కినోళ్లల్ల నేనొకణ్ని. సొంత దేశం పైస విలువ పోతుంటే సంబరపడే బతుకు ఎట్లాంటిదో అప్పుడు ఎవలికీ తోచలే.

సంబరపడి ఊకుంటే బాగుండు. రేటు మంచిగున్నది, చేతిలనేమో పైసలు లేవు. క్యాంపుల మిత్తికి ఇచ్చేటోడు ఒకడుండె, నెలకు నూటికి పది. 2,000 దిర్హాములు తీసుకున్న. పద్దెనిమిదిన్నర లెక్కన 37,000 ఇంటికి కొట్టిన. పదిహేను లెక్కనైతే 30,000 గదా, కూసున్న కాడ ఏడు వేలు సంపాయించిన అని రాత్రి నిద్ర పట్టలే. కాకకు చెప్పలే, తిడుతడని తెలుసు. చెల్లె పెండ్లికి బంగారం కొనుమని బాపుకు చెప్పిన.

వారం దినాలకు బాపు ఫోను. "కొడుకా, పైసలు ఎక్కువొచ్చినయి గని బంగారం తక్కువొచ్చిందేందిరా?"

సంగతి ఏందంటే, జూన్ ఆఖర్ల 10 గ్రాములు 26 వేల దగ్గర ఉండె, దిర్హం పదహారు దాటి ఉండె. అప్పుడు ఆ 2,000 పంపితే 32 వేల పైన పోయి, పన్నెండు గ్రాముల పైన వచ్చేది. ఆగస్టు ఆఖర్ల 10 గ్రాములు 33 వేలు దాటింది. 37 వేలకు పదకొండు గ్రాములు. బంగారం బయటి నుంచి రావాలె, డాలర్లల్ల కొనాలె. రూపాయి పడితే దాని ధర లేస్తది. దానికి తోడు 2012 మొదట్ల 2 శాతం ఉన్న దిగుమతి సుంకాన్ని మెల్లమెల్లగ పెంచి ఆ ఆగస్టుల 10 శాతం చేసిన్రు. డాలరు నాకు ఒక చేతితోటి ఇచ్చింది బంగారం దుకాణంల ఇంకో చేతితోటి గుంజుకున్నది. నా ఎక్కంల బంగారం ధర లేకుండె, ఉల్లిగడ్డ ధర లేకుండె. ఇక క్యాంపు అప్పుకు నెలకు 200 దిర్హాములు మిత్తి. రెండు నెలలు తిరిగేసరికి ఏడు వేల లాభం మిత్తికే పోయింది. మిగిలిన నెలలు నేను ఉత్తగ కట్టిన.

ఇంటి కాడ ఇంకో లెక్క నడుస్తున్నది, అది నాకు సెలవుకు వచ్చినంక తెలిసింది. నేను పోయినంక మా దుకాణంల ఉద్దెర పెరిగింది. "మీ కొడుకు దుబాయిల సంపాయిస్తుండు, మా నూరు రూపాయలకు ఏమాయె" అంటరట. ఒకప్పుడు వాయిదా ప్రకారం కట్టినోళ్లు సుత కట్టుడు బందు పెట్టిన్రు. గణపతి చందా రసీదు నా పేరు మీద వేరే వచ్చుడు, పెండ్లిళ్లల్ల చదివింపులు నూటపదహార్ల నుంచి వెయ్యినూటపదహార్లకు ఎక్కుడు. పన్నెండు వేలు అని చెప్పింది నేనే గదా, దానికి తగ్గట్టు ఊరు నా దగ్గర వసూలు చేసుకున్నది. బాపు ఒక్క మాట అనలే. ఉద్దెర పుస్తకం రెండోది పెట్టిండు, అంతే.

సెలవు అంటే పెట్టె గుర్తొచ్చింది. ఆ అట్టపెట్టె కట్టుడే ఒక విద్య. టాంగు డబ్బాలు, నీడో పాలపొడి, టైగర్ బామ్, సబ్బులు, సెంట్లు, మెత్తటి రగ్గులు రెండు. చుట్టూత ప్లాస్టిక్ టేపు, దాని మీద తాడు, పెద్ద అక్షరాలతోటి పేరు, ఊరు. తూకం దాటిందని ఎయిర్‌పోర్టుల అదనం కట్టిన. ఇంటికొచ్చి విప్పితే సబ్బుల మీద మేడ్ ఇన్ ఇండియా అని ఉన్నది. మన సబ్బు సముద్రం దాటి పోయి, నేను దిర్హాములు పెట్టి కొని, కిరాయి కట్టి మళ్ల జైనూర్ తెచ్చిన. దుకాణంల బాపు అదే సబ్బు అమ్ముతుండు. ఆ పెట్టెల పనికొచ్చినయి అంటే రగ్గులే. మా పక్క మండలం సిర్పూర్ యు, చలికాలం రాష్ట్రంల తక్కువ డిగ్రీలు ఎక్కడ అంటే పేపర్ల ఆ పేరే ఎక్కువ పడుతది. అవి ఇప్పటికి కప్పుకుంటున్నం.

2016ల వచ్చేసిన. అప్పు తీరింది, చెల్లె పెండ్లైంది, చేతిల మిగిలింది పెద్దగ లేదు. కూలిపోయిన బతుకు గాదు, లేచిన బతుకు గాదు. దుబాయి పోవుడే తప్పు అని నేను అనను. కాక అక్కణ్నే ఇరవై ఏండ్లు చేసి ఇద్దరు బిడ్డల పెండ్లిళ్లు చేసి, ఇల్లు కట్టి, ఎవలికీ బాకీ లేకుండ వచ్చిండు. ఆయనకు జీతం నాకంటే వంద దిర్హాములే ఎక్కువుండె.

ఇప్పుడు దుకాణంల నేను కూసుంటున్న. దుబాయి పోతమని పిల్లలు వచ్చి అడుగుతరు. దిర్హం నా కాలం కంటె మస్తు పెరిగింది, వాళ్లు ఫోన్ల కొత్త ఎక్కం కొట్టి చూపిస్తరు. 2018 జనవరి సంది అక్కడ కొనే సామాన్ల మీద 5 శాతం వ్యాట్ పడ్డదని చెప్తే వినరు. ఫోన్ ఖర్చు ఏముంది అన్నా, వాట్సాప్ ఉన్నది గదా అంటరు. అక్కడ వాట్సాప్‌ల మెసేజ్ పోతది గని కాల్ కలువదని తెల్వదు. నేను మూడే అడుగుత. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ సైటుల రిజిస్టరై ఉన్నదా? 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి ఎందుకు ఇస్తున్నవ్? తిండి కంపెనీదా, నీదా? మూడో దానికి జవాబు తెలిసినోడు ఇప్పటిదాక ఒక్కడు సుత రాలే.

బీమా మాత్రం చేసుకోండ్రి, పది పాసైనా చేసుకోండ్రి. మిగిలిన లెక్క కావాలంటే దుకాణానికి రాండ్రి, కూసోబెట్టి చెప్త. ఉద్దెర మాత్రం ఇయ్య.